పేదయింటి పొయ్యి

మన చరిత్రకారులు ఆనకట్టలు కట్టించిన దొరలను గూర్చి వ్రాసిరి. కాలువల పొడవును, వాని క్రింద సాగయిన భూముల విస్తీర్ణమును లెక్కించిరి. కాని ఆ నీటితో పండిన బియ్యము ఏ మంటపై నుడికినదో, ఆ మంటకు కావలసిన చెరకు నెవరు మోసి తెచ్చిరో విచారించినవారు మిక్కిలి అరుదు. ఇంటి పొయ్యి ఆడువారి వ్యవహార మనియు, చరిత్ర మగవారి వ్యవహార మనియు మనలో నొక దురభిప్రాయము పాతుకొని యున్నది. పేదల పొయ్యికి ప్రభుత్వము చేసిన సాయము ఎప్పుడు మొదలైనదో, ఏ దారిని నడచినదో, ఎచ్చట కొరతపడినదో ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతమును కన్నులముందుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ సీమ అన్నపూర్ణ యని పేరొందినది. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. 1855 నాటికి బెజవాడ ఆనకట్టయు ముగిసెను. గోదావరినుండి వచ్చిన కాలువయు, కృష్ణనుండి వచ్చిన కాలువయు ఏలూరివద్ద కలిసికొనినవి. రెండు డెల్టాల నడుమ పల్లముగా నున్న కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల నీరు చేరి, ఉప్పుటేటి ద్వారమున సముద్రమున కలియుచున్నది. నీటి కిచ్చట కొదవ లేదు. బియ్యమునకు కొదవ లేదు. కాని అడవి లేదు. మాగాణిలో ప్రతి చెక్కయు వరికి అమరినది. గట్లమీది తాళ్లు, తుమ్మలు తప్ప చెట్టన్నది కానరాదు. అన్నము పండు చోటనే అన్నము వండుకొనుటకు కట్టె కరవైనది. ఇది డెల్టాకు పుట్టుకతో వచ్చిన చిక్కు.

కలిగినవారు కొనుక్కొనిరి. గోదావరి ఎగువనుండి తెప్పలుగా వచ్చిన కలపయు, సముద్రతీరపు సరుగుడు తోటల కట్టెయు వారి యిండ్లకు చేరెను. లేనివారి పొయ్యి వేరు. పిడక, ఊక, తాటిమట్ట, కొబ్బరికమ్మ, కందికంప, కొల్లేటి లంకలలో ఎండిన జమ్ము, కిక్కిస — ఇవియే వారి వంటచెరకు. వీనికి వెల లేదని అనుకొందుము. అది పొరపాటు. పశువుల వెంట తిరిగి పేడ యెత్తవలెను. తట్ట నెత్తిన బెట్టుకొని యింటికి తేవలెను. చేతులతో పిసికి, గోడకు చరచి, ఎండబెట్టి, వానకాలమునకు గూడు కట్టి దాచుకొనవలెను. ఊకపొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు పిడికెడు పిడికెడుగా ఊక చల్లుచునే యుండవలెను; చేయి తీసిన మంట ఆరును. కొల్లేరు పొంగిన దినములలో తడిసిన పిడక పొగయే గాని మంట నీయదు. ఊదుగొట్ట మూది యూది ఎఱ్ఱబారిన కన్నులే ఆ చెరకుకు చెల్లించిన వెల. అది రూపాయలలో లేదు గనుక ఏ లెక్కపుస్తకమునకును ఎక్కలేదు.

ప్రభుత్వము ఈ విషయమును మొదట గమనించినది ఇల్లాలిని చూచి కాదు, పొలమును చూచి. వ్యవసాయాభివృద్ధిని గూర్చి విచారించుటకు సీమనుండి వచ్చిన వోల్కరను రసాయనశాస్త్రజ్ఞుడు 1893లో ప్రకటించిన నివేదికలో, పేడ పొయ్యిపాలగుటవలన భూమికి ఎరువు దక్కుట లేదనియు, గ్రామములకు వంటచెరకు నందించు వనములను పెంచవలె ననియు గట్టిగా చెప్పెను. మాట మంచిదే. కాని అంతకు పదునొకండేండ్లకు పూర్వమే, 1882లో, మద్రాసు అటవీచట్టము వచ్చి అడవులు ప్రభుత్వపు కట్టుబాటులోనికి పోయినవి. ఎండుపుల్లకును, పసులమేతకును అడవి నాశ్రయించిన పల్లెలవారు రుసుము చెల్లించవలసినవారైరి. ఈ కోపమే పలనాటిలో పుల్లరి సత్యాగ్రహముగా రగిలి, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమును బలిగొన్నది. అడవి దగ్గర నున్నవానికే పుల్ల దొరకని కాలమున, అడవికి దూరమైన కొల్లేటి లంకవానిని తలచు వా రెవ్వరు? స్వాతంత్ర్యానంతరము 1952లో ప్రకటింపబడిన జాతీయ అటవీవిధానమును పేడను పొలమునకు మిగుల్చుటకై వంటచెరకు పెంచవలెననియే చెప్పినది. తరువాత గట్లమీదను, బంజరులలోను చెట్లు నాటించిరి. కాని సరుగుడునకును, సుబాబులునకును కాగితపు మిల్లులలో ధర పలికెను. వంటచెరకుకై తలపెట్టిన కట్టె కాగితమైపోయెను. పేదరాలి గోడమీది పిడక పిడకగానే మిగిలెను.

పేదల యింటికి ప్రభుత్వము ధర కట్టి పంచిన మొదటి ఇంధనము కిరసనాయిలు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున బర్మానుండి ఓడలలో వచ్చిన డబ్బాల నూనె మన పల్లెలలో ఆముదపు దీపమును తొలగించి బుడ్డిదీపమును నిలిపెను. 1942లో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మా నూనెబావులను వెనుదిరుగుచున్న ఆంగ్లేయులే ధ్వంసము చేసిరి. ఆ ఏప్రిలు 6వ తేదీన కాకినాడ, విశాఖపట్టణములమీద బాంబులు పడినవి. ఎచ్చటి బర్మా, ఎచ్చటి కొల్లేరు! అయినను ఆ యుద్ధము లంకలోని గుడిసెదాక వచ్చి దీపము నార్పినది. కిరసనాయిలు కొరతయు, దాని పంపకమునకు కట్టుబాట్లును వచ్చినవి. యుద్ధము ముగిసినను ఆ పంపకపు పద్ధతి చౌకధరల దుకాణముల రూపమున నిలిచెను. దశాబ్దములపాటు తెల్లకార్డుగల యిల్లాలు సీసా పట్టుకొని వరుసలో నిలిచినది. ఆ నూనె దీపమునకును, పొయ్యి రాజవేయుటకును సరిపోయెడిది. నెల పొడవునా వంటకు చాలెడిది కాదు. విద్యుద్దీపములు, గ్యాసు వచ్చిన తరువాత, 2010 అనంతరపు దశాబ్దములో ఆ పంపకమును క్రమముగా ముగిసిపోయెను.

ఇంధనమును మార్చలేనప్పుడు పొయ్యినైన మార్చవచ్చునని తలచినవా రుండిరి. వారిలో మన హైదరాబాదువారిని మరువరాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, కోట్లాదిప్రజలకు పొగలేని వంటయిల్లు కావలెనని 1953లో ఆంగ్లమున నొక చిన్న పుస్తకమును ప్రకటించిరి. ఇంజనీరు పొయ్యిని గూర్చి వ్రాయుట ఆనాటికి అపూర్వము. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట, 1983 ప్రాంతమున, కేంద్రప్రభుత్వము మెరుగుపొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టెను. పొయ్యిలు లక్షలకొలది కట్టిరి. కాని పొగగొట్టము మసితో పూడినను, మట్టి పగిలినను బాగుచేయువాడు రాలేదు. కొన్ని నెలలకే పాత మూడురాళ్ల పొయ్యి మరల వెలిగెను. ఈ పాఠమును చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. ఇచ్చిన దినమున చేసిన సాయము సాయము కాదు. నిలిచిన దినములలో చేసినదే సాయము.

అదే 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకే బియ్యమిచ్చు పథకమును ప్రవేశపెట్టెను. పేదవాని కుండలోనికి బియ్యము వచ్చినది. అది గొప్ప మేలు, కాదనువాడు కృతఘ్నుడు. కాని కుండ క్రింద మంట మాట? బియ్యమునకు కార్డున్నది, చెరకుకు కార్డు లేదు. కొంచెము కిరసనాయిలు తప్ప, ఆ బియ్యము నన్నముగా మార్చు ఖర్చంతయు ఇల్లాలి నెత్తిమీదనే యుండెను. కూలికి పోవలసిన పూట పేడకు పోయెను. బడికి పోవలసిన పిల్ల కంపలకు పోయెను.

ఇంతలో పట్టణములలో వేరొక పొయ్యి వచ్చినది. 1955 ప్రాంతమున బొంబాయిలో ఒక విదేశీయ నూనెకంపెనీ సిలిండరు గ్యాసు నమ్మ మొదలిడెను. 1965లో ఇండేను గ్యాసు కలకత్తాలో అడుగిడెను. క్రమముగా ఏలూరు వంటి పట్టణములలోని ఉద్యోగస్థుల యిండ్లకును చేరెను. ఈ గ్యాసు అసలు వెలకు దొరకలేదు. ప్రభుత్వము తన ఖజానానుండి కొంత చెల్లించి ధర తగ్గించెను. ఆ తగ్గింపునకు 2012 వరకు సిలిండర్ల సంఖ్యలో పరిమితియే లేకుండెను. నౌకరు గలవాడు ఎంత వండుకొనిన అంత సాయము. కనెక్షను కొనలేని కూలివానికి సున్న. పేదలకు ఉచితములిచ్చి చెడగొట్టుచున్నారని నేడు నిష్ఠురములాడు మనము, మన వంటయింటికి ఎన్ని దశాబ్దములు ప్రభుత్వపు సొమ్ము వచ్చెనో ఒకసారి లెక్కించుకొనుట ధర్మము.

మరియొక విపరీతమును ఈ సీమవారు కన్నులార చూచిరి. కృష్ణా గోదావరీ ముఖద్వారముల క్రింద భూగర్భమున సహజవాయువు కలదని 1970 అనంతరపు అన్వేషణములలో తేలినది. ఆ వాయువు ఎరువుల కర్మాగారములకును, విద్యుత్కేంద్రములకును గొట్టములలో పోయెను. 1995 జనవరి 8వ తేదీన కోనసీమయందలి పాశర్లపూడి బావి బ్రద్దలై మంటలెగసెను. ఆ మంట నార్పుటకు రెండు నెలలకు పైగా పట్టినది. ఆకాశమున కెగసిన ఆ వెలుగు రాత్రులందు బహుదూరమునకు కానవచ్చెనట. భూమి క్రింద అంత మంట, భూమిమీద పేదయింట పిడకపొగ! సహజవాయువు వేరు, సిలిండరులోని గ్యాసు వేరు; ఒకటి యున్నంతమాత్రమున రెండవది చౌక కాదు. ఆ భేదము నెరిగియు, ఈ వైపరీత్యమునకు మనసు నొవ్వని వారుండరు.

పేదయింటికి గ్యాసును చేర్చు పని ఆంధ్రప్రదేశములో 1999లో మొదలైనది. ఆ సంవత్సరము నారా చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వము దీపము అను పథకమును ప్రారంభించెను. కనెక్షనుకు కట్టవలసిన వేయిరూపాయల ధరావతును ప్రభుత్వమే చెల్లించినది. డ్వాక్రా సంఘములలోని స్త్రీల ద్వారమున ఈ కనెక్షనులు పంచబడినవి. అప్పటికి సారా నుద్యమించి మానిపించిన స్త్రీలు, పొదుపుసంఘములలో పదిరూపాయలు కూడబెట్టుకొనిన స్త్రీలు, తమ పేరనే కనెక్షను కాగితము నందుకొనిరి. వంటయింటి వస్తువు ఇల్లాలి పేర వ్రాయబడుట చిన్న సంగతి కాదు. దేశములో ఇంత విస్తారమైన ప్రయత్నము అంతకుముందు జరిగినట్లు కానరాదు.

అయితే ఏమైనది? 2002లో ప్రపంచబ్యాంకువారు ఈ పథకమును గూర్చి ఒక పరిశీలనను ప్రకటించిరి. పొయ్యి యింటికి వచ్చినది గాని, సిలిండరు నిండుట అరుదనియు, కట్టెపొయ్యి పక్కననే వెలుగుచున్నదనియు, సిలిండరును మరల నింపించు ఖర్చే ముఖ్యమైన అడ్డంకి యనియు అందు తేలినది. కూలివాని సొమ్ము దినదినము వచ్చును. సిలిండరు వెల ఒక్కసారిగా పోవును. పిడకను పూటకు నాలుగు తీసికొనవచ్చును. గ్యాసును పూటకు నాలుగణాలకు కొనలేము. ధనికునికి సొమ్ము ఎంత యన్నదే లెక్క; పేదవానికి సొమ్ము ఎప్పుడన్నది అంతకు మించిన లెక్క. ఈ సూక్ష్మమును గ్రహించనందుననే మంచి పథకములు సగములో నిలిచిపోవుచున్నవి. 2008 జూనులో కేంద్రము సిలిండరు ధరను 50 రూపాయలు పెంచగా, వై. యస్. రాజశేఖర రెడ్డిగారి రాష్ట్రప్రభుత్వము ఆ భారమును తానే వహించెను. కనెక్షనుకు గాక, నింపుడునకు రాష్ట్రము సాయపడవలెనను భావము అందు పొడసూపినది.

ఈ నడుమ కొల్లేటి సీమ రూపమే మారిపోయెను. వరిచేలు చేపలచెరువులైనవి. 1999లోనే కొల్లేటిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రాంసారు ఒడంబడికలో చేరెను. 2006లో అభయారణ్యపు హద్దులలోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించివేసెను. కొల్లేరు బ్రతుకవలెననుట నిర్వివాదము. కాని చేలు చెరువులైన చోట గడ్డి తగ్గును. గడ్డి తగ్గిన చోట పశువు తగ్గును. పశువు తగ్గిన చోట పిడక కరవగును. తాడేపల్లిగూడెము, ఏలూరు మిల్లుల ఊక ఒకప్పుడు మిల్లు వెనుక గుట్టలుగా పడియుండెడిది. ఇప్పుడు బాయిలర్లకు బేరమాడి కొనిపోవుచున్నారు. వెల లేని చెరకంతయు వెలగల సరకైనది. కావున పేదవాడు గ్యాసు వాడనిచో పూర్వపు పొయ్యికి మరలునని అనుకొనుట తప్పు. ఆ పూర్వపు పొయ్యియే క్రమముగా అంతరించుచున్నది. అతనికి వెనుకకు పోవుటకు దారి లేదు, ముందునకు పోవుటకు డబ్బు లేదు.

2016 మే 1వ తేదీన కేంద్రప్రభుత్వము ఉత్తరప్రదేశమునందలి బలియాలో ఉజ్జ్వల పథకమును ప్రారంభించినది. పేదయింటి స్త్రీ పేర కనెక్షనునకు 1,600 రూపాయల సాయము. 2019 సెప్టెంబరు నాటికి ఎనిమిది కోట్ల కనెక్షనులు. దీపము పథకపు ఆలోచనయే దేశమంతట వ్యాపించినదనవచ్చును. దీపము నేర్పిన పాఠమును మరల నేర్చుకొనవలసి వచ్చెను: కనెక్షను పెరిగినంత వేగముగా వాడకము పెరుగలేదు. 2020లో మహమ్మారి కాలమున పనులు నిలిచిపోగా, ఉజ్జ్వల కుటుంబములకు మూడు సిలిండర్లు ఉచితముగ నిచ్చిరి. 2022 మేలో సిలిండరునకు 200 రూపాయల తగ్గింపు నేర్పరచి, 2023 అక్టోబరులో దానిని 300 చేసిరి. సాయము మెల్లమెల్లగా పొయ్యినుండి మంటవైపు నడచినది.

2024 నవంబరు 1వ తేదీన శ్రీకాకుళం జిల్లా ఈదుపురములో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు రెండవ దీపమును వెలిగించిరి. రేషనుకార్డును, గ్యాసు కనెక్షనును గల కుటుంబమునకు ఏటికి మూడు సిలిండర్లు ఉచితము. మొదటి దీపము ధరావతు కట్టినది. రెండవ దీపము గ్యాసు వెల కట్టుచున్నది. ఇరువదియైదేండ్లలో నడచిన దూరమిది. ప్రభుత్వము ఇల్లాలి పొయ్యిలో రోజూ మండు దానికి వెల కలదని ఒప్పుకొనినది.

కాని రెండు కొరతల నిచ్చట చెప్పక తప్పదు. పథకము మొదలైననాటి ఏర్పాటు ప్రకారము ఇల్లాలు సిలిండరు వెలను ముందుగా పూర్తిగా చెల్లించవలెను. పిమ్మట ఆ సొమ్ము బ్యాంకుఖాతాలో పడును. రెండు దినములలో పడినను, ఆ రెండు దినములకు కావలసిన ఎనిమిది తొమ్మిది వందల రూపాయలు ఎవరి చేతిలో నుండును? చేపలచెరువుమీద కూలికి పోవువాని యింట అవి వడ్డీకి తేవలసినవి. ఉచితమని పేరుగల సరకునకు వడ్డీ చెల్లించుట విపరీతము గదా! రెండవది: నలుగురైదుగురుగల కుటుంబము పూర్తిగా గ్యాసుమీదనే వండుకొనినచో ఏటికి ఏడెనిమిది సిలిండర్లు పట్టును. మూడు ఉచితమైనను తక్కినవి కొనవలెను. కొనలేని నెలలలో పాత పొయ్యి మరల వెలుగును.

ఆ పొయ్యి మరల వెలిగిన ఏమి నష్టమందురేమో. వంటపొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. పొగలో కూర్చున్నది ఇల్లాలు, ఆమె యొడిలోని బిడ్డ. మశూచి వచ్చిననాడు టీకాలు వేయుటను, నీరు చెడిననాడు కొళాయి వేయుటను ప్రభుత్వధర్మమని మనము ఒప్పుకొంటిమి. గాలి వంటయింటిలో చెడిననాడు మాత్రము అది ఆమె కర్మమని ఎట్లనగలము?

ఇట్టి సాయము మన దేశమున మాత్రమే కలదని తలచరాదు. అమెరికాలో 1981నుండి చట్టము చేసి, చలికాలమున ఇల్లు వెచ్చబెట్టుకొనలేని పేదకుటుంబములకు ఇంధనపు ఖర్చులో సాయము చేయుచున్నారు. ఇంగ్లండులో 1997నుండి వృద్ధులకు చలికాలపు ఇంధనభృతి నేర్పరచిరి. ధనవంతమైన దేశములే ఇంధనమును పేదవాని కనీసావసరముగా నంగీకరించినవి. అచ్చట చలి, ఇచ్చట అన్నము. ఏది ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున సంస్కర్తలకును, పాలకులకును మనవి యొక్కటియే. కనెక్షనులెన్ని యిచ్చితిమని లెక్క చెప్పుట చాలించుడు. కొల్లేటి లంకలోను, గూడెము వెనుక పేటలోను ఏ యింట ఏ నెలలో పాత పొయ్యి మరల వెలిగినదో లెక్కించుడు. ముందు చెల్లించు భారమును తొలగించి, సాయమును సిలిండరుతో కలిపియే యింటికి పంపుడు. పెద్ద సిలిండరు కొనలేనివానికి చిన్న సిలిండరు దొరకునట్లు చూడుడు. వాగు పొంగిన దినములలో సైతము పడవమీద సరఫరా ఆగకుండ చూడుడు. ఇక చదువరులకు మనవి: మీ యింట పనిచేయు ఇల్లాలిని, మీ పొలము కోసిన కూలివానిని ఒక్క మాట అడుగుడు — ఈ నెల మీ సిలిండరు నిండినదా? ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే ఈ చరిత్రయందు వ్రాయవలసియున్న తరువాతి పుట.